వేరుగా పెట్టిన తలె

పళ్ళెం వేరుగా పెట్టమన్నానా, గ్లాసు ఒక్కటే అన్నానా, గుర్తు రావడం లేదు, రెండూ అనే ఉంటాను, ఇరవై ఆరేళ్ళ వయసుకే మెడలో స్టెతస్కోపు పడ్డాక ఒక్క మాటతో ఆగేదాన్నా నేను, పడక కూడా వేరే అన్నాను, పిల్లల్ని దగ్గరికి రానీయొద్దన్నాను, ఇప్పుడు కొత్తకోట దగ్గర నేనెక్కిన ఆటో లారీల మధ్య ఇరుక్కుంది, ఒడిలో కవరు, కవరులో ఆనాటి నా పేషెంటు మాసయ్య ఛాతీ ఎక్స్‌రే, పొద్దున మా జూనియర్ అఖిల డిపార్ట్‌మెంట్ అంతా పాలకోవా పంచింది, పద్మజ మేడం పరిశోధన పేపర్, అంటే నాది, అచ్చుకు తీసుకున్నారట అని, సొరంగాల్లో రాయి తొలిచి వచ్చిన ముప్పై ఏడుగురు పాలమూరు కూలీల ఊపిరితిత్తుల మీద మూడేళ్ళ పని, అందరూ చప్పట్లు కొట్టారు, నేను కోవా ముక్క చేత్తో పట్టుకుని ఎవరికి ఫోన్ చేద్దామా అని పేర్లు పైకీ కిందికీ జరిపాను, పాలతను, గ్యాస్ అతను, ఎక్స్‌రే రూము, చివరికి ఎవరికీ చేయలేదు.

ఆ ముప్పై ఏడుగురిలో మాసయ్య ఒకడు, పోయిన నెల మళ్ళీ పరీక్షలకు పెట్టిన క్యాంపులో ప్లాస్టిక్ కవరులోంచి పాత చీటీ తీసి బల్ల మీద పెట్టాడు, టీబీ అని రాసి ఉంది, కింద సంతకం నాది, ఇరవై రెండేళ్ళ కిందటిది, కాలేజి నుంచి అప్పుడే బయటపడి ఒక పల్లె దవాఖానలో కూర్చున్న రోజులు, ఎంత ధీమాగా గీసేదాన్నో ఆ సంతకం, నువ్వే గదమ్మా, అన్నాడు ఆయాసపడుతూ, అప్పుడు సన్నగ ఉంటివి, అని నవ్వాడు కూడా, చుట్టూ జూనియర్ డాక్టర్లు ఉన్నారని నేను చీటీ మడిచి ఇచ్చేశాను, ఆనాడే తెమడ మూడుసార్లు పరీక్ష చేయిస్తే మూడుసార్లూ ఏమీ లేదని వచ్చింది, అయినా ఎక్స్‌రేలో మచ్చలు చూసి టీబీ అనేశాను, ఏం పని చేసి వచ్చావని ఒక్క మాట అడిగితే రాతి దుమ్మని తెలిసేది, బయట లైనులో ఇంకా నలభై మంది, అడగలేదు, సరే, పొరపాటు, ఎవరైనా చేస్తారు, కానీ పళ్ళెం సంగతి పొరపాటు కాదు, టీబీ అయినా పళ్ళెం వల్ల అంటుకోదని నేను చదివిన పుస్తకంలోనే ఉంది, తెలిసీ అన్నాను, మా అమ్మ అలాగే అనేది కాబట్టి, అతను దగ్గితే నాకే భయం వేసింది కాబట్టి, కుర్చీ గోడవైపు జరుపుకుని మరీ చెప్పాను.

ఆటో దిగాక పల్లి చేల మధ్య మట్టిబాట, ఎండ నెత్తిమీదే ఉంది, మందులు రాసిచ్చి వెనక్కి వచ్చేయొచ్చు, ఎవరు అడుగుతారు, పేపర్‌లో అతనొక నంబరు, కానీ ఊపిరి పరీక్షలో అతను ఊదిన గాలి ఎంత తక్కువో చూసింది నేనే, వచ్చే వానకాలం చూస్తాడన్న నమ్మకం లేదు, ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పడం ఉండదు, కాళ్ళు మాత్రం మెల్లగా పడుతున్నాయి, ఇంటి ముందుకు వచ్చేసరికి మాసయ్య అరుగు మీద మంచంలో కూర్చుని తింటున్నాడు, వాళ్ళు తలె అనే ఆ పళ్ళెం అంచుకు, వేరుగా గుర్తుండేలా, మేకుతో గీసిన గీత, భార్య హన్మమ్మ చెయ్యి తగలకుండా పైనుంచి కూర వదిలి, నాలుగడుగులు వెనక్కి నడిచి, గడప లోపల తన పళ్ళెం ముందు కూర్చుంది, ఎంత అలవాటుగా నడిచింది, ఆ అడుగులు నేను నేర్పినవే.

చెప్పాను, నిలబడే చెప్పాను, అక్కా, ఇది అంటుకునే జబ్బు కాదు, ఎన్నడూ కాదు, సొరంగంలో పీల్చిన రాతి దుమ్ము, టీబీ అని రాసింది నా తప్పు, పళ్ళెం, పడక వేరు చేయమన్నది ఇంకా పెద్ద తప్పు, అని, మాసయ్య చేతిలో ముద్ద ఆగింది, గట్లనా, అన్నాడు, హన్మమ్మ నావైపు చూడలేదు, మనుమరాలు పుట్టినప్పుడు ఎత్తుకుంటనంటే నేనే వద్దంటి, అంది అతనితో, వద్దంటివి, అన్నాడతను, ఇప్పుడు అది ఇంటర్ చదువుతుంది, అంది, తిడుతుందని చూస్తున్నాను, తిట్టాలని కోరుకుంటున్నాను, ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, నువ్వు జెప్తివని తలె వేరు పెట్టినం, ఇప్పుడు నువ్వే వద్దంటున్నవు, ఇంక పెట్టం తియ్యి, అంది, ఎందుకు, ఎట్లా అని ఒక్క ప్రశ్న లేదు, ఆనాడూ లేదు.

లేచింది, తన పళ్ళెంలో అన్నం తెచ్చి గీత ఉన్న పళ్ళెంలో కలిపేసింది, జర జరుగు, అంది, అతను జరిగాడు, ఇద్దరికీ చాలని మంచం, మోకాళ్ళు తగులుతున్నాయి, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు, నువ్వు తిన్నవా అమ్మా, రా, కూసో, అంది హన్మమ్మ, తిన్నాను అన్నాను, పొద్దున్నుంచి ఆ కోవా ముక్క తప్ప ఏమీ తినలేదు, అయినా నోటికి అదే వచ్చింది, చూసుకుంటే మాస్కు ఇంకా నా మొహం మీదే ఉంది, మంచానికి సరిగ్గా నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాను, ఈ ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకున్నది ఒక్కటే, కుర్చీ గోడవైపు జరుపుకున్న రోజు నాకు పుట్టిన భయం, అంటించింది నేను, వాళ్ళకి ఇప్పుడే నయమైంది, నాకు ఇంకా కాలేదు.