ఫిక్సరులో ముంచని మబ్బు

మంగళవారం ఉతికే రోజు. పొద్దున్న ఏడు కొట్టేసరికి కింద లాండ్రీలోంచి కేక వచ్చేది.

"వదినా! పడమట ఒకటి వస్తోంది. కాస్త దాని సంగతి చూడు, నలభై దుప్పట్లున్నాయి!"

వదిన తాగుతున్న కాఫీ అక్కడే వదిలేసి, కెమెరా మెడలో వేసుకుని డాబా ఎక్కేది. ఒక్క క్లిక్. మబ్బు వచ్చి రీల్లో కూర్చునేది, అది ఉన్నచోట నీలం మిగిలేది. ఆవిడ చెయ్యి అలాంటిది, అంతే. బడి హెడ్మాస్టరు ఆటల పోటీలకి ముందురోజే వచ్చి చెప్పిపోయేవాడు. గోడలకి సున్నం వేయించుకునేవాళ్ళు కూడా ఆవిడ తీరిక కనుక్కునే పని మొదలుపెట్టేవాళ్ళు. ఊరంతా ఆవిణ్ణి మబ్బులావిడ అనేది.

లాండ్రీ నడిపేది ఆవిడ ఆడపడుచు. మధ్యలో మనిషి, అంటే ఒకరికి మొగుడు, ఇంకొకరికి అన్న, పోయి పదేళ్ళయింది. చుట్టరికం మాత్రం పోలేదు. ఆడపడుచు కింద, వదిన పైన, ఇద్దరికీ ఒకటే పొయ్యి, రోజూ ఒకటే తగువు.

"ఆ చీకటి గదిలో కూర్చుని కళ్ళు పాడుచేసుకో. నాకేం!"

"నీ అరుపులు వినడం కంటే కళ్ళు పోవడమే నయం."

ఇలా అనుకుంటూనే ఒకరికొకరు వడ్డించుకునేవాళ్ళు.

పైన చీకటి గదిలో ఎర్ర బల్బు కింద మబ్బులావిడ ప్రింట్లు తీసేది. కాగితం మీదికి దిగిన మబ్బు ఇంకా మెల్లగా కదులుతూనే ఉండేది. ఫిక్సరు నీళ్ళలో ముంచితే నిలిచిపోయేది, ఇక ఎప్పటికీ కదలదు. ముంచకముందు వెలుతురు తగిలిందా, అంతే సంగతులు. ఓసారి ఆడపడుచు సబ్బు కోసం తలుపు తోసుకుని వచ్చేసింది. ట్రేలో ఉన్న పిల్లమబ్బు నల్లబడి, లేచి, మెట్లమీదే కురిసి పోయింది. తెల్ల కాగితం మిగిలింది. ఆ పూటంతా ఒకరు తిట్టారు, ఒకరు మెట్లు తుడిచారు. ఆరోజే తలుపుకి గొళ్ళెం పడింది.

ఒక్క మబ్బుని మాత్రం ఆవిడ ముంచలేదు. మొగుడు పోయిన నెలలో తీసింది. కొండంత తెల్ల మబ్బు, ఎంత నెమ్మదిగా నడిచేదంటే, చూస్తుంటే ఊపిరి దానంతటదే కుదురుకునేది. దాన్ని ఆపడానికి చేతులు రాలేదు. నల్ల కవరులో దాచుకుని, మనసు బాగోనప్పుడు ఎర్ర బల్బు కింద తీసి చూసుకునేది.

ఆ ఏడు వానలు రాలేదు. పడమట మబ్బన్నదే లేదు. పదేళ్ళుగా పట్టుకుంటూ పోతే ఏ మబ్బు మాత్రం ఈ దారిన వస్తుంది! కురుస్తుందేమోనని వదిన గోడమీది ఫొటో ఒకటి తీసి బకెట్లో నానబెట్టింది. ఫిక్సరు తాగిన మబ్బు కదా, ఉలకలేదు, పలకలేదు. చివరికి లాండ్రీ బావి అడుగు కనిపించింది.

"అంతా నేనే చేశాను వదినా. మంగళవారం మంగళవారం నీ ప్రాణం తీసి మరీ పట్టించాను," అంది ఆడపడుచు. సముద్రం పక్క ఊళ్ళో పెద్ద లాండ్రీలో ఇస్త్రీ పని దొరికిందట. సోమవారం పది గంటల బస్సు.

"వెళ్ళు. పీడా పోతుంది," అంది వదిన. ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఇంతలో పట్నంనుంచి, ఫొటోల ప్రదర్శనలు పెట్టే గ్యాలరీ ఆయన వచ్చాడు. గోడమీది మబ్బులన్నీ చూసి మర్యాదగా తలూపాడు. ఎర్ర బల్బు కింద నల్ల కవరులోది చూసి మాత్రం కుర్చీ లాక్కుని దాని ముందే కూర్చుండిపోయాడు.

"అమ్మా, దీన్ని ఫిక్స్ చేసి సోమవారం పంపండి. పెద్ద గోడ మొత్తం దీనికే ఇస్తాను. మీ పేరు నలుగురికీ తెలియాలి."

పాతికేళ్ళుగా ఆ మాట కోసమే ఎదురుచూసింది ఆవిడ.

సోమవారం పొద్దున్న ట్రేలో ఫిక్సరు కలిపి పెట్టుకుంది. కింద ట్రంకుపెట్టె మెట్లకి తగులుతున్న చప్పుడు. ఆ తర్వాత ఆడపడుచు గొంతు, ఎప్పుడూ లేనంత మెల్లగా: "వెళ్ళొస్తా వదినా. వేళకి తిను."

అరిచినా బాగుండేది. కాగితం ట్రే దాకా వెళ్ళి ఆగింది. దాన్ని మళ్ళీ నల్ల కవరులో పెట్టి, గొళ్ళెం తీసి, గబగబా డాబా ఎక్కింది. ఎండలో కవరు తెరిచింది.

మబ్బు ముందు గులాబీ రంగుకి తిరిగింది, ఆపైన నేరేడుపండు రంగుకి. నల్లగా, బరువుగా అయి, కాగితం అంచు దాటి, ఆవిడ భుజాన్ని రాసుకుంటూ పైకి లేచింది. పదేళ్ళు ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్న మబ్బు. ఊరిమీద పరుచుకుని మధ్యాహ్నం దాకా ఆగకుండా కురిసింది. తడిసిన తెల్ల కాగితం పట్టుకుని ఆవిడ భోరుమని ఏడ్చింది. అబద్ధమెందుకు, ఆ పెద్ద గోడ కోసం కూడా ఏడ్చింది.

వీధి చివర్నుంచి కేక.

"వదినా! డాబా మీద దుప్పటి తడుస్తోంది, కనపడటంలేదూ!"

ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని, నిలువెల్లా తడిసి, బురద తొక్కుకుంటూ వస్తోంది ఆడపడుచు.

"బస్సేదీ?"

"వచ్చింది, పోయింది. రేపు మంగళవారం కదా, దుప్పట్లు ఎవరు ఉతుకుతారు? మీ గ్యాలరీ ఆయనా?" అని పైకి వచ్చి, వదిన చేతిలో కాగితం చూసింది. దాన్ని మెల్లగా లాక్కుని, రెండు గుడ్డల మధ్య పెట్టి, మడత లేకుండా ఇస్త్రీ చేసి, లాండ్రీ గోడకి తగిలించింది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఎవరైనా ఇదేమిటని అడిగితే, "మా వదిన తీసిన ఫొటో," అంటుంది.

మర్నాడు ఏడు కొట్టింది. కింద బావిలో చేద దిగిన చప్పుడు, ఆ వెంటనే కేక.

"వదినా! పడమట ఒకటి వస్తోంది!"

మబ్బులావిడ కాఫీ వదిలేసి కెమెరా అందుకుంది.

"కూర్చో, కూర్చో. కాఫీ తాగు," అంది ఆడపడుచు కిందనుంచే. "రానీ దాన్ని. దుప్పట్లు లోపల ఆరేస్తాలే."