మూడు డబ్బాలు, ముప్ఫై గ్లాసులు

“పేపరు కప్పులు వద్దు. మనమే ఆదర్శంగా లేకపోతే ఎలా?” అన్నారు మా ఆయన శనివారం సాయంత్రం, కాళ్లు స్టూలు మీద చాపుకుని. అంటే మర్నాడు మా ఇంటికి రాబోయే ముప్ఫైమందికీ స్టీలు గ్లాసుల్లో టీ ఇవ్వాలి. అంటే అటక మీది గ్లాసుల పెట్టె దింపాలి, దుమ్ము కడగాలి, వాళ్లు తాగాక మళ్లీ కడిగి అటకెక్కించాలి. ఆయన ఒక్క మాటలో నాకు రెండు గంటల పని ఉంది. భూమికి బరువు తగ్గించే పని ఏదైనా సరే, మా ఇంట్లో నా చేతుల మీదుగానే జరుగుతుంది.

మా ఆయన పర్యావరణ విద్యా కేంద్రంలో ఉపన్యాసకులు. వీధివీధికీ తిరిగి చెత్త ఎలా వేరు చేయాలో, నీళ్లు ఎలా పొదుపు చేయాలో, ఎండలు ఏటేటా ఎందుకు ముదురుతున్నాయో జనానికి చెప్పడం ఆయన ఉద్యోగం. బాగా చెబుతారు, కాదనను. మంచుకొండలు కరిగే భాగం వచ్చేసరికి వినేవాళ్ల కళ్లు చెమ్మగిల్లుతాయి. ఇంటికొచ్చాక మాత్రం ఫ్రిజ్ తలుపు బార్లా తీసి, ఏం తిందామా అని ఐదు నిమిషాలు ఆలోచిస్తారు. “మావాడికి భూమంటే ప్రాణం” అంటుంది మా అత్తగారు. అయ్యుండొచ్చు. ఆ భూమ్మీద పడున్న తన బనీను మాత్రం ఆయన ఒక్కరోజూ తీసిన పాపాన పోలేదు.

నేను పళ్ల డాక్టరు దగ్గర పేర్లు రాసుకుని లోపలికి పంపించే పని చేస్తాను. రోజుకు రెండుసార్లు తోముకుంటున్నామని డాక్టరుకు చెప్పేవాళ్లను పదకొండేళ్లుగా చూస్తున్నాను. అందుకే మా ఆయన ఉపన్యాసాలు నన్ను పెద్దగా ఆశ్చర్యపరచవు. “మా ఇంట్లోంచి మూడేళ్లుగా ఒక్క కూరగాయ తొక్క బయటికి పోలేదు” అని ప్రతి సభలోనూ చెబుతారు. అది అక్షరాలా నిజం. పెరట్లో మూడు ఆకుపచ్చ డబ్బాలున్నాయి. ఒకదాంట్లో ఏరోజు తొక్కలు ఆరోజు వేసి, పైన ఎండుటాకులు కప్పుతాను. నిండింది మాగుతూ ఉంటుంది, నాలుగు రోజులకోసారి కర్రతో కలియబెడతాను. మూడో దాంట్లో తయారైన ఎరువు ఉంటుంది. మూడూ ఒకే షాపులో కొన్నవి, ఒకే రంగు, ఒకే ఎత్తు. నెలనెలా వాటి వంతు మారుతుంది కాబట్టి గుర్తుకు పాత చొక్కాల పీలికలు కట్టాను. ఎరుపు కడితే తాజాది, నీలం కడితే మాగుతున్నది, తెలుపు కడితే తయారైంది.

ఇంతకీ ఆ ముప్ఫైమంది ఎందుకొస్తున్నారంటే, కేంద్రంవాళ్లు మా వీధిలో పన్నెండు ఆదివారాలు క్లాసు పెట్టబోతున్నారు. క్లాసు ఎవరు చెప్పాలో కేంద్రం అధికారిణి గారు మా ఇల్లు చూశాక నిర్ణయిస్తారు. ఆ క్లాసు నేను చెప్పాలనుకున్నాను. ఎందుకు దాచాలి, చాలా ఆశపడ్డాను. పోయిన నెల ఆయన గడ్డం గీసుకుంటుంటే అద్దంలో ఆయన మొహం చూస్తూ ఆ మాట చెప్పాను కూడా. “నీకెందుకోయ్ ఆ తలనొప్పి? జనం ముందు నిలబడటమంటే మాటలా? నువ్వు వెనకుండి చూసుకో, చాలు” అన్నారు. తర్వాత నురగ తుడుచుకుంటూ, “ఆ డబ్బాల సంగతి ఒక పేజీ రాసివ్వు” అన్నారు. నాలుగు పేజీలు రాశాను. అది కేంద్రం తరఫున చిన్న పుస్తకంగా వచ్చింది, అట్ట మీద ఆయన ఫొటోతో. లోపల “సతీమణి సహకారంతో” అని ఒక ముక్క ఉంటుందేమోనని వెతికాను. వెతికినందుకు నామీద నాకే కోపం వచ్చింది.

ఆదివారం పది గంటలకు అందరూ వచ్చారు. అధికారిణి గారు, ఫొటోలు తీసే ఆయన, మిగతావాళ్లంతా మా వీధివాళ్లే. పక్కింటి రిటైరైన పోస్టుమాస్టరు గారు ముందు వరసలో నిలబడ్డారు. నేను వంటింట్లో టీ మరగబెడుతున్నాను. కిటికీలోంచి పెరడంతా కనిపిస్తుంది. అత్తగారు కిటికీ పక్కన స్టూలు వేసుకుని సినిమాకొచ్చినట్టు కూర్చుంది.

“ఇదంతా ఒక జీవన విధానం” అని మొదలుపెట్టారు మా ఆయన. “దీనికి క్రమశిక్షణ కావాలి. నా భార్య కూడా కొంచెం సాయం చేస్తుంది.”

కూడానట. కొంచెమట. టీ పొంగి స్టవ్వు మీద పడింది. తుడవబుద్ధి కాలేదు, అలాగే వదిలేశాను.

అప్పుడు చూశాను. డబ్బాల మీద పీలికలు లేవు.

“అత్తయ్యా, నా గుడ్డ పీలికలేవి?”

“పొద్దున వాడే పీకేశాడు. ఫొటోలో అసహ్యంగా ఉంటాయన్నాడు.”

“మరి ఏ డబ్బా ఏదో ఆయనకి తెలుసా?”

“వాడికెలా తెలుస్తుంది? నాకు తెలుసు. నన్నడిగితే చెప్పనా?” అంది అత్తగారు తాపీగా. “ఎవరూ అడగలేదు.”

పరుగెత్తుకెళ్లి ఆపొచ్చు. పదిహేనేళ్లుగా నా పని అదే, ఆయన పడబోయే ప్రతిచోటా ముందుగా వెళ్లి దుప్పటి పరచడం. చేతిలో గరిటె కూడా కింద పెట్టాను. కానీ కాళ్లు కదలలేదు, నేనూ బలవంతపెట్టలేదు.

మా ఆయన మధ్య డబ్బా ముందు నిలబడ్డారు, ఫొటోకి అదే బాగుంటుందని. “రండి, దగ్గరికి రండి. మొహమాటపడకండి. చెత్తంటే కంపని మనకో అపోహ. ఇందులోంచి వచ్చేది తొలకరి వాన వాసన. అందరూ ఒక్కసారి గుండెల నిండా పీల్చండి.” కెమెరా వైపే చూస్తూ మూత తీసి, చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి దాకా లోపలికి దూర్చారు.

అది ఎర్ర పీలిక డబ్బా. గురువారం నాటి పుచ్చకాయ తొక్కలు, శుక్రవారం నాటి కోడిగుడ్డు పెంకులు, నిన్నటి కుళ్లిన టమాటాలు. ముప్ఫైమందీ గుండెల నిండా పీల్చారు. పోస్టుమాస్టరు గారు ముక్కు మూసుకుని, “ఇదేం వానండీ?” అని ఎంతో మర్యాదగా అడిగారు. మా ఆయన చేతిని బయటికి తీసేసరికి మణికట్టు మీద పురుగులు పాకుతున్నాయి. ఫొటోలాయన ఆపమనేవాళ్లు లేక తీస్తూనే ఉన్నాడు.

“ఏమోయ్, ఒకసారి ఇలా రా” అన్నారు మా ఆయన, చేతిని ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని.

వెళ్లాను. తెల్ల పీలిక ఉండాల్సిన డబ్బా మూత తీసి, గుప్పెడు ఎరువు అధికారిణి గారి చేతిలో పెట్టాను. నల్లగా, పొడిపొడిగా ఉంది. ఆవిడ వాసన చూసి తలాడించారు. పురుగులు పట్టడం తప్పు కాదనీ, ఆకులు తక్కువయ్యాయని అవి చెబుతున్నాయనీ అన్నాను. ఎవరో నీళ్లెంత పోయాలని అడిగారు, ఇంకెవరో ఎలుకలొస్తాయా అన్నారు. చెబుతూ పోయాను. జనం ముందు నిలబడటమంటే నిజంగానే మాటలే. నాకు నవ్వొచ్చింది.

“ఆదివారం క్లాసు మీరు చెప్పకూడదూ?” అన్నారు అధికారిణి గారు.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నారు. “తనకి ఇంటి పనితోనే తీరికుండదు మేడమ్.”

నాకు తీరికలేదన్న సంగతి ఆయన గమనించారని పదిహేనేళ్లలో మొదటిసారి తెలిసింది.

“చెబుతానండీ” అన్నాను అధికారిణి గారితో. “కాకపోతే ఒక షరతు. ఇంట్లో చెత్తబుట్ట ఎక్కడుంటుందో తెలిసినవాళ్లు రానక్కర్లేదు. తెలియనివాళ్లే రావాలి.”

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మగవాళ్లు తమ చెప్పుల వైపు చూసుకున్నారు. కిటికీలోంచి అత్తగారి గొంతు వినిపించింది. “ముందు మావాడి పేరు రాయండమ్మా.”

అధికారిణి గారు రిజిస్టరు నా చేతికిచ్చారు. మొదటి వరసలో మా ఆయన పేరు రాశాను. ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. “నేనా? అదేదో ఇంట్లోనే చెప్పొచ్చుగా?”

“మూడేళ్లుగా ఇంట్లోనే చెప్పానండీ. అప్పుడు మీరు ఉపన్యాసం రాసుకుంటున్నారు.”

తర్వాత అందరికీ వినపడేలా చెప్పాను. “వచ్చే ఆదివారం పదింటికి మొదలు. టీ ఇస్తాం. ఎవరి గ్లాసు వాళ్లే తెచ్చుకోవాలి, ఎవరి గ్లాసు వాళ్లే కడుక్కోవాలి.”