మాలులో చెనక్కాయలు

మా చిన్నప్పుడు అనంతపురంలో చెనక్కాయలు లేకుండా సినిమాకు పోయినోళ్లు లేరు. ఆట వదిలేసరికి కాళ్లకింద తొక్కలు పరపరమనేవి. మేము పోయే టాకీసును పడగొట్టి, అదే జాగాలో ఇప్పుడు అద్దాల మాలు కట్టినారు.

మొన్న నేనూ, నాతో కలిసి చదువుకున్న నాజ్‌నీనూ ఆ మాలులో సినిమాకు పోయినాము. వాకిట్లోనే గార్డు నా సంచి తెరిచి, వేయించిన చెనక్కాయల పొట్లం తీసి పక్కన పెట్టుకున్నాడు.

"బయట తిండి లోపలికి తీసుకపోగూడదక్కా" అన్నాడు.

"చెనక్కాయలు బయట తిండా? బయటనుంచి వచ్చింది మీ మాలు గదప్పా" అన్నాను. వాడు నవ్వను కూడా నవ్వలేదు.

లోపల ఆసుపత్రి మాదిరి చల్లగా, నిశ్శబ్దంగా ఉన్నింది. నాకేమో ఒళ్లు మండిపోతాండాది. తెరమీద హీరోయిన్ ఏడుస్తాంటే నా పక్కన 'టప్' మనింది. చూస్తే నాజ్‌నీన్ దుపట్టా కొంగులో పిడికెడు చెనక్కాయలు దాచి తెచ్చింది. నవ్వు ఆపుకుంటా ఇద్దరమూ ఒలుచుకున్నాము.

అంతలో వెనక తలుపు దగ్గర, చీకట్లో, ఇంకో 'టప్' వినబడింది. తిరిగి చూస్తే గార్డు నిలబడుకోని ఉండాడు, నా పొట్లం చేతిలో పెట్టుకోని.