మూతమ్మ కుడిచెయ్యి

ఆ వకీళ్ల ఆఫీసులో గెలిచిన కేసైనా ఓడిన కేసైనా చివరికి వచ్చి చేరేది మూతమ్మ కంప్యూటర్లోకే. ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అయిపోయిన కేసులకి మూత పెట్టడం ఆమె పని కాబట్టి మూతమ్మ అయింది. ఒకే కాయితం నాలుగుసార్లు ఎక్కించి ఉంటే మూడు తీసెయ్యాలి. 'ఫైనల్', 'అసలు ఫైనల్', 'ఇదే ఫైనల్' అని జూనియర్లు పేర్లు పెట్టి వదిలేసిన చిత్తుప్రతుల్లో ఏది కోర్టుకెళ్లిందో పట్టుకుని మిగతావి చెరిపెయ్యాలి. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ ప్రశ్నలు మొదలెడుతుంది. ఒరిజినల్స్ తిరిగిచ్చేశారా? కేసు ముగిసిందని క్లయింటుకి ఉత్తరం పంపారా? అన్నిటికీ టిక్కు పెడితే తప్ప మూసే బటన్ వెలగదు. అది నొక్కాక ఫైలుకి తాళం పడుతుంది. మళ్లీ తెరవాలంటే ఎందుకు తెరుస్తున్నారో రాయాలి. ఆ రాతా, దాని కింద రాసినవాళ్ల పేరూ ఎప్పటికీ ఉండిపోతాయి.

న్యాయంగా ముగిసిన కేసుని మూస్తే చేతికి ఏమీ అంటదు. అన్యాయంగా ముగిసినదాన్ని మూస్తే మాత్రం, నొక్కిన చేతికి ఆ కేసు వాసన పట్టుకుంటుంది. చేపల గోదాము కేసుకి కుళ్లిన చేప వాసన, పాలడబ్బాల కేసుకి విరిగిన పాల వాసన, అన్నదమ్ముల ఇంటి తగాదాకి గోడ సందులో చచ్చిన ఎలుక వాసన. సబ్బుకి పోదు, నిమ్మచెక్కకి పోదు, దానంతటదే వదలాలి. కొత్తగా చేరినవాళ్లకి టీ మిషను ఎక్కడుందో చూపిస్తూ ఈ సంగతి కూడా చెప్పేస్తారు. అందుకే వకీళ్లెవరూ ఆ బటన్ జోలికి పోరు. పెద్ద వకీలైతే జేబురుమాలుకి సెంటు కొట్టుకుని మరీ మూతమ్మ బల్ల దగ్గరికి వస్తాడు. చేసేది ఆయన, కంపు ఈమెకి. అన్ని వాసనల్లోకీ మూతమ్మకి ఆ సెంటంటేనే పడదు. కుళ్లిన చేప నయం, కుళ్లానని ఒప్పుకుంటుంది.

ఇంట్లో అత్తగారి ముక్కుకి తిరుగులేదు. కోడలు చెప్పులు విప్పకముందే "ఇవాళ ఎవరి కొంప ముంచొచ్చావే?" అని అడుగుతుంది. వాసనున్నన్నాళ్లూ కూరలు తరిగేదీ, వడ్డించేదీ అత్తగారే. మొగుడు మంచంలో ఆ చివరికి జరుగుతాడు. వాళ్ల మీద మూతమ్మకి కోపం రాదు. తన చేతిని తనే దుప్పటి బయట పడేసుకుని పడుకునే మనిషి, ఇంకొకళ్లనేం అంటుంది?

అలాంటి రోజుల్లోనే లాండ్రీ కేసు మూతకి వచ్చింది. ఒక పెద్ద లాండ్రీలో దుప్పట్లు నొక్కే ఆవిరి ఇస్త్రీ మిషను కింద, అక్కడ పనిచేసే ఒకావిడ కుడిచెయ్యి పడింది. చెయ్యి లోపలికి పోకుండా మిషనుకి ఉండాల్సిన అడ్డు వల్ల పని నిదానమవుతోందని యజమాని దాన్ని పీకించేశాడు. నష్టపరిహారం ఇప్పించమని ఇస్త్రీ ఆవిడ ఈ ఆఫీసుకే వచ్చింది. తీరా సాక్ష్యం చెప్పాల్సిన రోజున పెద్ద వకీలు ఆవిడకి కబురూ పెట్టలేదు, తనూ కోర్టుకి వెళ్లలేదు. కేసు కొట్టేశారు. ఆ తర్వాత కొద్దిరోజులకే లాండ్రీ యజమాని తన షాపులన్నిటి వ్యవహారాలూ తెచ్చి పెద్ద వకీలుకి అప్పగించాడు. ఈ రెండిటికీ ముడి ఎక్కడుందో తెలియడానికి లా చదవక్కర్లేదు.

అప్పీలుకి ఇంకా గడువుంది. మూతమ్మ ఆ మాట అనబోతే పెద్ద వకీలు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"ఉత్తరం పంపామని టిక్కు పెట్టి మూసెయ్యమ్మా. తర్వాత చూద్దాంలే."

తర్వాత అంటే గడువు దాటాక అని ఆమెకి అర్థమైంది. అర్థమయ్యే టిక్కు పెట్టింది, బటన్ నొక్కింది.

మాడిన గుడ్డ వాసన, అందులో గంజి వాసన, వాటి అడుగున కాలిన మనిషి చర్మం వాసన. మూతమ్మ బాత్రూమ్‌కి పరుగెత్తి, పొద్దున తిన్నదంతా కక్కేసింది. ఆ సాయంత్రం అత్తగారు ఏమీ అడగలేదు. కోడల్ని ఎగాదిగా చూసి, వెళ్లి కిటికీలన్నీ బార్లా తెరిచింది. ఎప్పుడూ తిట్టే మనిషి నోరు మూసుకునేసరికి మూతమ్మ ఇంకా చితికిపోయింది.

మూడోనాడు మధ్యాహ్నం ఇస్త్రీ ఆవిడే వచ్చింది. కేసు కోసం కాదు. డాక్టరుకి చెయ్యి చూపించుకోవడానికి ఎక్స్‌రేలు కావాలట. కేసు నడుస్తోందని ముందు గదిలో అమ్మాయి అలవాటు ప్రకారం చెప్పేసి, ఎక్స్‌రేల కోసం లోపలికి పంపింది. అవింకా బీరువాలోనే ఉన్నాయి. ఒరిజినల్స్ తిరిగిచ్చేశామన్న టిక్కూ అబద్ధమే మరి. మూతమ్మ కవరు తీసి అందించబోయింది, పాడు అలవాటు, కుడిచేత్తోనే.

ఇస్త్రీ ఆవిడ ఎడంచేత్తో అందుకోబోయి ఆగిపోయింది. మూతమ్మ మణికట్టు పట్టుకుని, వంగి, వేళ్లని వాసన చూసింది. అందరూ మొహం తిప్పుకునే చేతిని అంత దగ్గరగా ముక్కుకి పెట్టుకున్న మనిషిని మూతమ్మ చూడటం అదే మొదటిసారి.

"ఇది నా చేతి వాసన," అంది ఆవిడ మెల్లగా. "నా కేసు మూసేశారా?"

నడుస్తోందమ్మా అనే మాట మూతమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట మీద ఆమెకే రోత పుట్టింది.

"మూసేశాం. కోర్టు కొట్టేసింది. అప్పీలుకి ఎల్లుండి దాకా గడువుంది."

"మూసిందెవరు?"

"నేనే."

ఇస్త్రీ ఆవిడ మణికట్టు వదిలేసి, ఎడంచేతిని బట్టలకేసి తుడుచుకుంది. తర్వాత, ఇంకో వకీలుకి చూపించాలి, కాయితాలన్నీ కావాలని అడిగింది. మూతమ్మ కూర్చుని ఫైలు తెరవబోయింది. కారణం రాయమంది సాఫ్ట్‌వేర్. 'క్లయింటుకి చెప్పకుండా మూసినందుకు' అని రాసింది. కింద ఆమె పేరు పడింది, పూర్తి పేరు. ప్రింటరు మొదలైంది.

ఆ చప్పుడుకి పెద్ద వకీలు గదిలోంచి వచ్చాడు. ఇస్త్రీ ఆవిడని చూసి నవ్వబోయి, తెర మీద రాత చూసి మానేశాడు. రేపట్నుంచి రానక్కర్లేదని మూతమ్మకి తాపీగా చెప్పాడు. మూతమ్మ సరే సార్ అని, ప్రింటరులో కాయితం అయిపోతే మళ్లీ నింపింది.

ఆ కాయితాల కట్టతోనే ఇంకో వకీలు గడువులోపల అప్పీలు వేశాడు. చాలాకాలం పట్టినా ఇస్త్రీ ఆవిడకి రావలసిన పరిహారం వచ్చింది. అదంతా తర్వాతి మాట. ఆ మధ్యాహ్నం మాత్రం మూతమ్మ ఆవిడ వెనకే మెట్లదాకా వెళ్లింది. ఉద్యోగం పోగొట్టుకుని మరీ సాయం చేశాను కదా, ఒక మంచిమాట అంటుందేమోనని ఆశ. ఇస్త్రీ ఆవిడ కట్టని చంకలో సర్దుకుని వెనక్కి తిరిగింది.

"మీ చెయ్యి వాసన రాకపోతే మీరు చెప్పేవారా అమ్మా?"

మూతమ్మ కుడిచేతిని వెనక్కి పెట్టుకుంది.

"చెప్పేదాన్ని కాదు," అంది.

ఇస్త్రీ ఆవిడ తలూపి, మెట్లు దిగి వెళ్లిపోయింది.