తువ్వాల కింద చెప్పిన ధర

పాత బండికి ధర కట్టడంలో నన్ను మించినవాడు పావగడ తాలూకాలో లేడని నాకు పొగరు. ఉన్న మాటే కాబట్టి చెప్పుకోవడానికి సిగ్గు లేదు. మా నాయన గొర్రెల సంతల్లో బేరాలు తెంపినవాడు. తువ్వాల కింద ఎదుటివాడి చెయ్యి పట్టుకుని, వేళ్లు నొక్కి ధర చెప్పేవాడు. తువ్వాల తీశాక ఆ ధర మారదు. గొర్రె కళ్ల ముందే చచ్చిపడినా మారదు. నేను గొర్రెలు వదిలి నాగలమడికలో మెకానిక్ షెడ్డు పెట్టుకున్నా, ఆ పద్ధతిని మాత్రం వదల్లేదు. ట్రాక్టరయినా జీపయినా అమ్మేవాడూ కొనేవాడూ నా దగ్గరికే వస్తారు. సిద్దప్ప తువ్వాల తీశాడంటే ఇక రెండో మాట లేదు.

నా షెడ్డులో ఒక ఫియట్ కారు ఉండేది. అరవై ఎనిమిది మోడలు. అది శ్రీనివాసులు వాళ్ల నాయనది. శ్రీనివాసులుకు పావగడ బజారులో కిరాణా అంగడి. హైస్కూల్లో నా పక్కన కూర్చున్నవాడు. వాళ్ల గోడౌనులో ఎలుకలు కాపురం పెట్టిన ఆ కారును ఆరేళ్ల కిందట నా షెడ్డుకు చేర్పించి, నువ్వే బాగుచేసుకో, కారు నీదే అన్నాడు. కాగితాలు మార్చుకుందామని వాడూ అనలేదు, నేనూ అనలేదు. స్నేహితుణ్ని కాగితం అడిగితే వాడి ముఖాన ఉమ్మినట్టు ఉంటుందనుకున్నాను. చూడండి, అదీ నా తెలివి.

మా ఐదెకరాలు సోలార్ ప్లేట్ల కిందికి పోయాయి. ఏటా వచ్చే గుత్త డబ్బులో ఇల్లు గడవగా మిగిలినదంతా ఆ కారే తినింది. నేల రేకు మొత్తం కొత్తది వేశాను. ఇంజిన్ దించి, పార్టుల కోసం బెంగళూరు పాత సామాన్ల అంగళ్లన్నీ తిరిగి, బాగుచేసి స్టాండు మీద బిగించాను. ఇక కారులోకి ఎక్కించడమే తరువాయి. నా భార్య రామాంజినమ్మ సాయంత్రాలు ఆ కారు వెనక సీటులో కూర్చుని చెనక్కాయలు ఒలిచేది. పెళ్లయిన రోజు ఆమెను వై.ఎన్.హొసకోట నుంచి లారీలో, మూటల మీద కూర్చోబెట్టి తెచ్చుకున్నాను. ఈ ఉగాదికి పుట్టింటికి ఈ కారులోనే తీసుకుపోతానని మాట ఇచ్చాను. ఎన్నడూ ఏదీ అడగని మనిషి, ఈ ఒక్కటి మాత్రం రెండుసార్లు గుర్తు చేసింది.

మాఘమాసంలో ఒక రోజు శ్రీనివాసులు వచ్చాడు. హిందూపురంలో వాళ్ల షడ్డకుడు ఒక పాత ఫియట్ కొంటున్నాడట. ఎవరో సగం చేసి వదిలేసిన బండట. న్యాయమైన ధర చెప్పమన్నాడు. బండిని చూడాలి కదా అన్నాను. టైము లేదు, నువ్వు అడుగు, నేను చెప్తా అన్నాడు. చూడకుండానే ధర కట్టగలనని నేను ఊరంతా కోతలు కోసేవాణ్ని. ఆ మాట నాకే గుర్తు చేశాడు. నేను పొంగిపోయాను.

నేల రేకు ఎట్లుందని అడిగాను. కొత్తదన్నాడు. తలుపులు అడిగితే, ఎడమ వెనక తలుపు సరిగా పడదన్నాడు. నా కారుదీ అంతే, తుప్పు తిన్న బండ్లన్నిటికీ అదే జబ్బని నేనే సర్దిచెప్పాను. కాగితాలు పాత ఆసామి పేరు మీదే ఉన్నాయన్నాడు. ఇంజిన్ అసలే లేదన్నాడు. కార్ల గురించి ఓనమాలు రానివాడు ఇంత తడుముకోకుండా ఎలా చెప్తున్నాడని నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. చివరికి, చేసినవాడి కష్టానికి ఎంత వేయాలని తనే అడిగాడు.

"కష్టానికి ఏమీ లేదప్పా," అన్నాను పెద్ద గొంతుతో. "ఉడకని కూటికి ఎవడన్నా లెక్క కడతాడా? కొనేవోనికి ఆడ ఉండే సామాను ధరే ధర. చేసినోని చెమట వాని కర్మ."

తువ్వాల కప్పి వాడి చెయ్యి పట్టుకున్నాను. వేలికి పదివేలు లెక్కన ఐదు వేళ్లు నొక్కి, మళ్లీ రెండు నొక్కాను. డెబ్బై వేలు. తువ్వాల తీశాను. వాడి అరచేయి తడిగా ఉంది. ఎండకు అనుకున్నాను.

మూడో రోజు సాయంత్రం ఒక లారీ వచ్చి షెడ్డు ముందు ఆగింది. శ్రీనివాసులు దిగి, నా పనిబల్ల మీద డెబ్బై వేలున్న కవరు పెట్టాడు. సోలార్ పార్కులో పనికి వచ్చిన ఇంజనీరొకాయన నా షెడ్డులో ఆ ఫియట్ చూసి, కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో కనుక్కుని వాడి అంగడికి పోయాడట. నాలుగు లక్షలకు బేరమైందట. ఇదంతా నేల చూస్తూ చెప్పాడు. మరి హిందూపురం కారు ఏమైందని అడిగాను. అడిగి, వాడి ముఖం చూశాక అర్థమైంది. హిందూపురంలో ఏ కారూ లేదు.

"నీకు అన్యాయం చెయ్యగూడదనే ధర నీ నోటితోనే చెప్పించినా సిద్దప్పా," అన్నాడు. "ఈ కారేనని చెప్పింటే నువ్వు న్యాయంగా చెప్పేవోనివా? చేసినోని చెమట వాని కర్మ అని నువ్వే కదప్పా అనింది."

కోపం కంటే ముందు నాకు సిగ్గేసింది. వాణ్ని కొట్టాలనిపించింది, ఏడవాలని కూడా అనిపించింది. నేనేం అడుగుతానో, ఎక్కడ పొంగిపోతానో, ఏ మాట దాటనో, నలభై ఏళ్ల స్నేహంలో తెలుసుకున్నదంతా వాడు ఈ ఒక్క బేరానికి వాడుకున్నాడు. పరాయివాడికి ఇంత బాగా మోసం చేయడం చేతకాదు. రామాంజినమ్మ వెనక సీటులోంచి దిగి, చెనక్కాయల చాట చంకన పెట్టుకుని ఇంట్లోకి పోయింది. వాడి వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు.

కవరు వాడి ముఖాన కొట్టి కారు ఇవ్వననవచ్చు. కానీ తువ్వాల తీసింది నేనే. ఆ మాట ఈరోజు నేను మింగితే రేపు తాలూకాలో ఎవడు నమ్ముతాడు? మా నాయన కూడా నమ్మడు, చచ్చి ఇరవై ఏళ్లయినా. తీసుకుపొమ్మన్నాను. కారును తోయడానికి మాత్రం చెయ్యి వేయలేదు.

కారు లారీ మీదికి ఎక్కాక శ్రీనివాసులు మూలనున్న స్టాండు చూపించి, ఆ ఇంజిన్ కూడా ఎక్కించమని లారీవాళ్లకు చెప్పాడు. నేను పోయి స్టాండుకు అడ్డంగా నిలబడ్డాను.

"ఇంజిన్ ఉండాదా అని నిన్ను అడిగినా. లేదన్నావు. నేను ధర కట్టింది ఇంజిన్ లేని కారుకు."

నా కారు నాకు గుర్తురాకుండా ఉండాలని వాడు ఆడిన అబద్ధం అది. ఇంజిన్ లేకుంటే ఆ ఇంజనీరు సగం కూడా ఇవ్వడని, ఇంకో యాభై వేలు తీసుకోమని బతిమాలాడు. స్కూల్లో ఒకే క్యారియర్‌లో తిన్న సంగతి ఎత్తాడు. ఆ క్యారియర్ మా అమ్మ కట్టిందని గుర్తు చేశాను. ఇంజిన్ అమ్మేది లేదన్నాను. లారీ పావగడ దారి పట్టింది.

ఉగాది పొద్దున రామాంజినమ్మ కొత్త చీర కట్టుకుని, బస్సుకు టైమయిందని షెడ్డులోకి వచ్చింది. నేను అప్పటికే స్టాండు మీది ఇంజిన్‌కు బ్యాటరీ తగిలించి, డబ్బాలో పెట్రోలు పోసి పెట్టాను. స్టార్ట్ చేస్తే మొదటి తిప్పుకే అందుకుంది. ఎక్కడా తడబాటు లేదు. ఆరేళ్లుగా నేను వినాలనుకున్నది ఆ చప్పుడే. ఆమె పక్కన నిలబడి చాలాసేపు వినింది.

"బాగానే పలకతాండాది," అనింది. "ఇది మనల్ని యాడికి తీసకపోతాది?"

ఇంజిన్ ఆపేసి, షెడ్డుకు తాళం వేసి బస్టాండుకు నడిచాము. పండగ రద్దీ. బస్సులో సీటు దొరకలేదు. రామాంజినమ్మ హొసకోట దాకా నిలబడే వచ్చింది.