మడతలోకి పోని అక్షరాలు

నేను ఒక పిండి సంచిని. అమెరికాలో పుట్టాను, గట్టి నూలుతో నేశారు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదంటారు గానీ, నన్ను ఓడ ఎక్కించే ముందు నా నడిమధ్యన నీలం రంగుతో ఇంగ్లీషులో అచ్చు కొట్టారు: ‘అమెరికా ప్రజల కానుక. అమ్మకానికి కాదు.’ విశాఖ రేవులో దిగుతూ ఆ రాత చూసుకుని ఎంత మురిసిపోయానో! ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రేవు దగ్గరి బడిలో పిల్లలకు వండిపెట్టే సన్యాసమ్మ, నాలోని మొక్కజొన్న పిండి అయిపోయాక నన్ను ఇంటికి తీసుకెళ్లింది. ఆ ఏడు కరువు. అదే బడిలో చదివే కూతురు అసిరమ్మకు ఉన్న ఒక్క లంగా చిరిగిపోయింది. సన్యాసమ్మ నన్ను బట్టల సోడాలో ఉడకబెట్టింది, బండకేసి బాదింది. పిండి వాసన పోయింది గానీ రాత చావలేదు. లంగాగా ఎలా తిప్పి కుట్టినా అది పిల్ల వెనకే వచ్చి కూర్చుంది.

పెద్ద తరగతి పిల్లలు ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివారు. "ఓలే, నువ్వు అమ్మకానికి కాదంట! ఉట్టినే ఇచ్చీసినారంట!" అని విరగబడి నవ్వారు. లెక్కల్లో దిట్ట అయిన అసిరమ్మ ఆ రోజు నుంచి పంతులుగారు పిలిచినా బోర్డు దగ్గరకు వెళ్లలేదు. గోడకు వీపు ఆనించి కూర్చునేది. కొన్నాళ్లకు బడే మానేసింది. ఆ పిల్ల కడుపు నింపిన పిండి నాలోదే, చదువు చెడగొట్టిన రాతా నా మీదే.

కాలం తిరిగింది. పుచ్చుకున్న మనమే ఇచ్చేవాళ్లమయ్యాం. తుపానుకు మునిగిన ఏదో దీవికి మన సర్కారు పిండి పంపుతోంది. రేవు గోదాములో ఆ నూలు సంచులకు అచ్చు కొట్టే పని అసిరమ్మది. లంగా నుంచి దిండు గలీబునై, చివరికి నేను ఆమె చేతిలో రంగు తుడిచే పాతగుడ్డనయ్యాను.

"కింద అంచుకి కొట్టీమంటారా బాబూ? రేపు ఎవులైనా ఆడపిల్లకి లంగా కుట్టుకుంటే, రాత మడతలోకెల్లిపోద్ది," అంది ఆఫీసరుతో.

ఆయన నవ్వాడు. "ఈ రోజుల్లో సంచిగుడ్డ ఎవరు కట్టుకుంటారమ్మా? మన పేరు ఫొటోలో పడాలి. నడిమధ్యన, పెద్దగా కొట్టు."

అసిరమ్మ నా వంక చూసింది. కొట్టింది, ఒక్కో సంచికీ నడిమధ్యనే. అచ్చురేకును నా మీద ఒత్తి తుడిచినప్పుడల్లా వెలిసిపోయిన నా పాత రాత మీద మన దేశం పేరు అంటుకుంది. ఈసారి నేను మురిసిపోలేదు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పని ముగిశాక ఆమె నన్ను చెత్తకుప్పలో పారెయ్యబోయి ఆగింది. నేల మీద పరిచింది. రెండు పేర్లూ లోపలికి పోయేలా మడిచి, అప్పుడు పడేసింది. ఇన్నేళ్లకు నేను ఉత్త గుడ్డలా ఉన్నాను.