అంతయ్య చెంబు

సైకిలు క్యారియర్ మీద స్టీలు చెంబును పాత ట్యూబు ముక్కతో బిగించి కట్టి, అంచుదాకా నీళ్ళు పోసి, హ్యాండిల్ పట్టుకుని అంతయ్య గల్లీలోకి నడిచాడు. తొక్కడు, తోస్తాడు అంతే. గల్లీ చివరి ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోయి మళ్ళీ దుకాణం ముందుకు వచ్చేసరికి చెంబులో నీళ్ళు ఒలకకపోతే ఆ సైకిలు పిల్లలకు పనికొస్తుందన్నమాట. ఒలికితే చక్రంలో ఎక్కడో వంకర ఉన్నట్టు. అప్పుడు పుల్లలు ఒక్కొక్కటే బిగించి, వదులు చేసి, మళ్ళీ నీళ్ళు పోసుకుని బయలుదేరతాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్ళు బాగుచేసేవాళ్ళు ఇంకా ఉన్నారు గానీ, సైకిలుకు నీళ్ళ పరీక్ష పెట్టేవాడు ఈయనొక్కడే.

ఎందుకంటే అంతయ్యకు సైకిలు తొక్కడం రాదు. రాదనడం కూడా తప్పే, కాళ్ళు ఒప్పుకోవు. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ వైపు పల్లె ఆయనది. ఆ ఊరి ఫ్లోరైడు నీళ్ళు తాగి, మీసాలు రాకముందే మోకాళ్ళు విల్లులా వంగిపోయాయి. నిలబడితే రెండు కాళ్ళ మధ్యనుంచి కోడిపుంజు దూరిపోతుంది. మెడ తిరగదు. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. కూర్చుని చేసే పని ఏదైనా ఉందా అని వెతుక్కుంటూ పట్నం వచ్చి, సైదాబాద్‌లో ఒక సైకిలు దుకాణంలో కూర్చున్నవాడు, ఆ తర్వాత ఈ గల్లీలో సొంతంగా రేకులు వేసుకున్నాడు.

కొన్నాళ్ళకు సైకిళ్ళు పోయి మోటారుసైకిళ్ళు వచ్చాయి. ఖాళీ జాగాలు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాయి. గల్లీ పిల్లలకు ఆడుకునే చోటు లేకుండా పోయింది. సర్కారు దవాఖాన డాక్టరమ్మ ఒకసారి పిల్లలందరినీ వరసగా నిలబెట్టి చూసి, మెట్లెక్కితేనే రొప్పుతున్నారు, వీళ్ళకు మందులకన్నా ముందు ఆట కావాలి అంది. ఆ మాట అందరూ విన్నారు. అంతయ్య మాత్రం పట్టుకున్నాడు. పెద్దింటి పిల్లలు ఎదిగిపోయి వదిలేసిన సైకిళ్ళు అపార్ట్‌మెంటు సెల్లార్లలో తుప్పు పడుతున్నాయి కదా! అవి అడిగి తెచ్చి, రిమ్ములు సరిచేసి, రంగులేసి, ప్రతి దసరాకూ గల్లీ పిల్లలకు ఊరికే ఇవ్వడం మొదలుపెట్టాడు.

అడగడానికి ఆయనకు తోడు సూర్యప్రభ. గుడివాడ దగ్గరినుంచి వచ్చి, ఎదురు అపార్ట్‌మెంటులో పాతికేళ్ళుగా ఉంటున్న ఆవిడ. ఎవరి సెల్లారులో ఏ సైకిలుందో ఆవిడకు తెలిసినట్టు దాని యజమానికి కూడా తెలియదు. ఆ ఏడాది తెలంగాణ ఉద్యమం రోజుల్లో చౌరస్తాలో ఎంత వేడి ఉన్నా, ఈ ఇద్దరి మధ్యా వేళాకోళమే నడిచింది.

"తెలంగాణ వచ్చాక మమ్మల్ని ఉండనిస్తారా అంతయ్యగారూ?"

"నువ్వు వోతే సైకిళ్లు ఎవరు తెస్తరమ్మా? నిన్నైతే ఇడిసిపెట్టం."

దసరా వచ్చింది. సకల జనుల సమ్మెలో బస్సులన్నీ డిపోల్లోనే పడుకుని ఉన్నాయి. గల్లీ బయటున్న డిపో ముందు రోడ్డు మీద మామూలు రోజుల్లో కాలు పెట్టడానికి సందుండదు, ఆ రోజు పిట్టలు దిగి గింజలు ఏరుకుంటున్నాయి. పిల్లలకు ఇంతకన్నా మంచిరోజు దొరకదని అంతయ్య తెల్లవారకముందే లేచాడు. ఛాతీలో ఏదో పట్టేసినట్టుంది గానీ, ఎముకల నొప్పితో బతికినవాడికి ఇంకో నొప్పి చుట్టం లాంటిదే. పానాలు, పంపు, సుత్తె వరసగా గుడ్డమీద పేర్చి పసుపు కుంకుమ పెట్టాడు. చెంబుకూ బొట్టు పెట్టాడు. కొబ్బరికాయ కొట్టాడు. ఇక మర్నాడు తెల్లారిందాకా వాటిని ముట్టకూడదు. దసరానాడు పనిముట్టుకు విశ్రాంతి. నలభై ఏళ్ళలో ఆయన ఆ నియమం తప్పలేదు.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి సైకిళ్ళు పట్టుకుపోయారు. చివరికి మౌనిక మిగిలింది. అంతయ్య మనసంతా ఆ పిల్ల మీదే ఉంది. మూడేళ్ళ కిందట ఆయన ఊరి పక్కనుంచే వచ్చారు తల్లీకూతుళ్ళు. పిల్ల మోకాళ్ళు అప్పటికే బిగుసుకోవడం మొదలైంది. నీళ్ళు మారాయి కదా, ఇక కాళ్ళు కదలాలి, రోజూ సైకిలు తొక్కించండి అంది డాక్టరమ్మ. తల్లి అరుణమ్మకేమో భయం. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం దుడ్డులా ఉండాలన్నట్టు, కాళ్ళు బాగుపడాలంటుంది, నేల మీదనుంచి లేవకూడదంటుంది.

"ఇయ్యాల బస్సుల్లేవు అని ఒప్పుకున్న తాతా. రేపట్నించి అడగొద్దు," అంది అరుణమ్మ. "తొక్కితే తొక్కింది. పడ్డదంటే ఇగ ఇడిసిపెట్టాలె."

మౌనిక ఎక్కింది. కాళ్ళు పెడళ్ళకు అందలేదు. వేళ్ళ కొసలు తగిలి జారిపోయాయి. సైకిలు పక్కకు ఒరిగింది, అరుణమ్మ కెవ్వుమంది. సీటు ఎత్తుగా ఉంది. జన్మలో సీటు మీద కూర్చోనివాడు, నిలబడి కంటితో చూసి బిగించిన సీటు. మిగతా పిల్లలు ఎలాగో సర్దుకున్నారు. ఈ పిల్ల మోకాళ్ళు సర్దుకోవు. ఆ సంగతి అందరికన్నా తనకు తెలియాలి కదా! అంతయ్యకు సిగ్గేసింది.

"సాలు. దిగు బిడ్డా," అంది అరుణమ్మ.

"జర ఆగు," అని అంతయ్య పూజ దగ్గరికి నడిచి, కుంకుమ బొట్టుతో ఉన్న పానా తీశాడు.

"అయ్యో, అంతయ్యగారూ! పూజలో పెట్టింది ముట్టుకుంటారా? అపచారమండీ," అంది మెట్లమీద నిలబడ్డ సూర్యప్రభ.

"పానా అలిగితే రేపు బతిమాలుకుంట. గీ పిల్ల అలిగితే మళ్ల సైకిలెక్కదు."

బోల్టు వదులు చేసి సీటు దించి, మళ్ళీ బిగించి, పానాను పూజలోనే పెట్టేశాడు. పని చేశాక పరీక్ష తప్పదు కాబట్టి చెంబు కూడా తీసి, నీళ్ళు పోసి, క్యారియర్‌కు కట్టి, గల్లీ చివరిదాకా తోసుకుపోయి వచ్చాడు. ఆ రోజు ఆ గల్లీ ఎప్పుడూ లేనంత పొడుగనిపించింది. నీళ్ళు ఒలకలేదు.

"చెంబు ఉండనియ్యి తాతా. నేను గూడ పరీచ్చ పెడత," అంది మౌనిక.

"తొక్కితే ఒలుకుతది బిడ్డా. సగం మిగిలినా నువ్వు గెలిసినట్టే."

డిపో ముందు సైకిలు కదిలింది. వంకర టింకరగా కొంచెం దూరం పోయింది, ఒక కాలు నేలకు ఆన్చింది, మళ్ళీ కదిలింది. మోకాలు మడిచినప్పుడల్లా ముఖం ముడిచింది, అయినా ఆపలేదు. చౌరస్తాలో దీక్షా శిబిరం ఉంది. కిందటి వారమే ఆ శిబిరం వాళ్ళు వచ్చి, వేదిక ఎక్కి నీ కాళ్ళు చూపించు, మా ఉపన్యాసాలకన్నా గట్టిగా మాట్లాడతాయి అని అంతయ్యను బతిమాలారు. "నా కాళ్లు సూపెడితే అయ్యో అంటరు. అయ్యో అనిపిచ్చుకునుడు నాతోని గాదు" అని పంపేశాడు. ఇప్పుడు అదే శిబిరం ముందునుంచి మౌనిక పోయింది, వెనక గల్లీ పిల్లలందరూ పోయారు. దీక్షలో కూర్చున్నవాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు.

అంతయ్య డిపో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గర్వంతో ఛాతీ పగిలిపోతుందేమో అనిపించింది.

"సూడుర్రి!" అని శిబిరంవైపు అరిచాడు. "గవి నా కాళ్లు! గిప్పుడు సూడుర్రి!"

అరుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది, నవ్వుతోంది. "రేపు గూడ తొక్కనియ్యి తల్లీ," అన్నాడామెతో. ఆమె తలూపింది. ఆయన మెల్లగా దుకాణానికి వచ్చి, ఇనప కుర్చీలో వెనక్కి వాలాడు.

సాయంత్రం జమ్మి ఆకు పట్టుకుని, దసరా బంగారమని తాత చేతిలో పెట్టడానికి పిల్లలందరూ సైకిళ్ళ మీద వచ్చారు. ముందు మౌనిక దిగింది. "తాతా, సగం మిగిలింది!" అంది. మెడ తిరగని మనిషి కదా అని ఎదురుగా వచ్చి నిలబడి, చేతిలో జమ్మి పెట్టింది. ఆ వేళ్ళు మూసుకోలేదు.

సూర్యప్రభ పరుగున వచ్చి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, అక్కడే కూలబడింది. మౌనిక చెంబు విప్పింది. పిల్లల వెనకే వచ్చిన అరుణమ్మ ఆ నీళ్ళే కాసిని ఆయన నోట్లో పోసింది. చిన్నప్పుడు ఆ నోటికి దొరకని మంచినీళ్ళు.

మరునాడు పాడె వెంట పిల్లలందరూ సైకిళ్ళతో నడిచారు. ఒక్కరూ ఎక్కలేదు, ఆయనలాగే తోసుకుంటూ పోయారు. తిరిగొచ్చేసరికి రేకుల కింద పానాలు, పంపు, సుత్తె పూజలో పెట్టినట్టే ఉన్నాయి. వాటి పక్కన మౌనిక పెట్టిన, కుంకుమ బొట్టు చెదిరిన స్టీలు చెంబు, అడుగున కొంచెం నీళ్ళు.